గల్లీకి ఫోన్ నంబర్ ఉండదు

ఫారం రెండు పేజీలే. పేరు, ఊరు, ఆధార్ నంబర్, సొంత ఇల్లా కిరాయి ఇల్లా, ఇంట్లో ఎందరు, చిన్నపిల్లలున్నారా, ఇంతకుముందు కుక్కను పెంచారా, పెంచితే అది ఏమైంది. ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా ఫారాలు నింపి, పిల్లల చేత నింపించి రిటైరైనవాణ్ణి. పెన్ను ఎక్కడా తడబడకుండా పోయింది. రెండో పేజీ అడుగున ఒక ప్రశ్న దగ్గర ఆగింది. 'మీరు లేనప్పుడు దీన్ని ఎవరు చూసుకుంటారు? పేరు, ఫోన్ నంబర్.'

'లేనప్పుడు' అనే మాటకు తెలుగులో రెండర్థాలు. ఊరికి పోయినప్పుడు అని ఒకటి. రెండోది విప్పి చెప్పనక్కర్లేదు. బల్లకు అవతల కూర్చున్న అమ్మాయిని, ఏ అర్థంలో అడుగుతున్నారమ్మా అన్నాను. ఆమె ఏ మొహమాటమూ లేకుండా, "రెండూ సార్" అంది. "ఈ కుక్కకు మూడేళ్లుంటాయి. బాగా చూసుకుంటే ఇంకో పది పన్నెండేళ్లు బతుకుతుంది. మీకేమో..." అని ఫారం పైభాగాన నా వయసు చూసింది. యాభై తొమ్మిది. మిగతా కూడిక నేనే చేసుకున్నాను. లెక్కల మాస్టారుని.

హైదరాబాదు శివారులో జంతువులకు ఆశ్రయమిచ్చే ఒక చోట జరిగిన ముచ్చట ఇది. జాలి కొద్దీ పోయినవాణ్ణి, ఆ గడి ఒక్కటీ ఖాళీగా ఉన్న ఫారం మడిచి జేబులో పెట్టుకుని, కుక్క లేకుండా బస్సెక్కాను.

జంతు ప్రేమికుణ్ణని చెప్పుకునే అర్హత నాకు లేదు. నా కుడి పిక్క మీద తొమ్మిదేళ్ల వయసులో పడ్డ కుక్క పళ్ల మచ్చ ఇంకా ఉంది. నన్ను అక్కడికి తోలింది ఒక వార్త. 2026 జనవరిలో, పంచాయతీ ఎన్నికలు ముగిసి నెల తిరిగేసరికి, మా పక్క మండలం యాచారంలో వంద దాకా వీధికుక్కలకు విషం పెట్టి చంపారని ఫిర్యాదు వచ్చింది. పోలీసులు కేసు పెట్టారు. అంతకు కొద్ది రోజుల ముందే హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరేపల్లి నుంచి మూడు వందల లెక్క వినబడింది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఇరవై కుక్కలను తుపాకీతో కాల్చిన సంగతి అప్పటికి ఇంకా మరుపున పడలేదు.

యాచారం నాకు పరాయి ఊరు కాదు. సాగర్ రోడ్డు మీద మా తర్వాత వచ్చే పెద్ద స్టేజీ. అక్కడి పిల్లలకు ఆరేళ్లు లెక్కలు చెప్పాను. అందుకే కాబోలు ఆ వంద అనే అంకె మింగుడుపడలేదు. ఒక ఊళ్లో వంద కుక్కలు ఉండాలంటే వంద కుక్కలకు తిండి దొరుకుతూ ఉండాలి. వంద కుక్కలు ఒక్కసారి చావాలంటే, వాటిలో ఒక్కదాన్నైనా 'ఇది మాది' అనేవాళ్లు ఊళ్లో ఉండకూడదు. తిండి ఉంది, మనిషి లేడు. ఈ సమీకరణం ఎప్పుడు తయారైంది?

*

మా ఊరు ఇబ్రహీంపట్నం. ఇబ్రహీంపట్నాలు చాలానే ఉన్నాయి. విజయవాడ దాపున కృష్ణ ఒడ్డున ఒకటి, జగిత్యాల జిల్లాలో ఒకటి. మాది రంగారెడ్డి జిల్లాది, పెద్దచెరువు ఊరు. చెరువుకూ ఊరికీ పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా కథలో నాకు ఇష్టమైన ఘట్టం ఒకటుంది. 1543లో అన్న జంషీద్ గద్దె కోసం తండ్రినే చంపించినప్పుడు, కుర్రవాడైన ఇబ్రహీం ప్రాణాలరచేత పెట్టుకుని విజయనగరం పారిపోయాడు. అళియ రామరాయలు చేరదీశాడు. ఏడేళ్లు అక్కడే తిన్నాడు, పెరిగాడు, తెలుగు ఒంటబట్టించుకున్నాడు. 1550లో తిరిగొచ్చి గోల్కొండ ఏలాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. మంచిదే. కానీ 1565లో రక్కసి-తంగడి దగ్గర రామరాయల తల తెగిన యుద్ధంలో అవతలి పక్షాన నిలబడ్డ సుల్తానుల్లో ఆయనా ఉన్నాడు. అన్నం పెట్టిన చెయ్యి సంగతి రాజులు ఇట్లా తేల్చారు. అయినా మన తిట్లలో, సామెతల్లో పడేది కుక్కే. 'కుక్కకున్న విశ్వాసం లేదు' అన్న ఒక్క మెచ్చుకోలు కూడా నిజానికి మనిషిని తిట్టడానికి పుట్టింది.

ఆశ్రయం నుంచి కుక్క లేకుండా తిరిగొచ్చిన సాయంత్రం ఫారం సంగతి ఇంట్లో చెప్పాను. మా అమ్మకు ఎనభై మూడు. "మీరు లేనప్పుడు ఎవరు చూస్తరని అడిగిన్రమ్మా" అన్నాను. ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు.

"ఎవ్వలు సూసుడేంది బిడ్డా? గల్లీల ఇంతమంది ఉన్నరు గద. మనం జూసినమా మన కుక్కను? మన దొడ్లె పంటుండె, కుమ్మరోళ్ల వాకిట్ల తింటుండె, రాత్రి మొత్తుకునేది మాత్రం షావుకారి ఇంటి ముంగట."

నిజమే. నా చిన్నప్పుడు మా వీధిలో ఎర్ర కుక్క ఒకటుండేది. అది ఎవరిదని అడిగితే జవాబు లేదు. ఎవరిదీ కాదా అని అడిగితే వాడకట్టు వాడకట్టంతా కొట్టొచ్చేది. ఇంటికొక బుక్క. జొన్నరొట్టె ముక్కో, గట్క అడుగంటో, పండుగనాడు బొక్కలో. అది గడ్డివాములో ఈనితే పిల్లలం ఇల్లిల్లూ తిరిగి బియ్యం, బెల్లం అడుక్కొచ్చేవాళ్లం. బాలింత కుక్కకు జావ కాచే పని ఎవరో ఒక అవ్వ నెత్తినేసుకునేది. మల్లన్న దేవుని వెంట కుక్క ఉంటదని, దాన్ని కాలితో తన్నొద్దని మా అమ్మ చెప్పేది. తన్నేవాళ్లు తన్నేవాళ్లే. బువ్వ పెట్టేవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉండేవాళ్లు.

దీనికి మా వైపు ఒక మాట ఉంది, సాదుడు. బిడ్డను సాదుతారు, దూడను సాదుతారు, ముసలి తల్లిదండ్రులను సాదుతారు. కన్నబిడ్డ కాకపోతే 'సాదుకున్న బిడ్డ' అంటారు. దత్తత అనేది శాస్త్రం మాట, కోర్టు మాట. దత్తం అంటే ఇచ్చినది. ఒకరు ఇస్తారు, ఒకరు పుచ్చుకుంటారు, ఒక ముహూర్తం ఉంటుంది, ఒక కాగితం ఉంటుంది, ఫోటో దిగుతారు, అయిపోతుంది. సాదుడుకు ముహూర్తం లేదు. పొద్దున లేస్తే మొదలు, పడుకుంటే విరామం. మళ్లీ పొద్దున మొదలు. కుక్కను దత్తత తీసుకోవడం ఒక పూట పని. మిగిలిన పదేళ్లు సాదాలి. ఆశ్రయంలో ఆ అమ్మాయి అడిగింది దత్తత ప్రశ్న అనుకున్నాను గానీ, సాదుడు ప్రశ్న.

*

రెండోసారి పోయినప్పుడు ఆ గడిలో నిబ్బరంగా 'మా గల్లీ' అని రాసిచ్చాను. అమ్మాయి చదివి, చిరునవ్వు ఆపుకుని, గీత గీసి వెనక్కిచ్చింది. "గల్లీకి ఫోన్ నంబర్ ఉండదు కద సార్."

ఎదురు చెప్పబోయి ఆగాను. ఇంతకీ నేను రాసిన గల్లీ ఎక్కడుంది? కుమ్మరోళ్ల వాకిలి మీద మూడంతస్తుల హాస్టల్ లేచింది. మంగళ్‌పల్లి, శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలుంటారు. గడ్డివాము ఉన్న దొడ్డి ప్లాటయింది. దానికి నాలుగు హద్దు రాళ్లు, ఒక బోర్డు. అరుగులు పోయి గేట్లొచ్చాయి. పొలాలు వెంచర్లయ్యాయి. ఆదిబట్ల వైపు విమానాల విడిభాగాలు తయారవుతున్నాయి, మంచిదే, మా పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి. గట్క పోసే చేతులు మాత్రం గేటు లోపలికి వెళ్లిపోయాయి. గేటు బయట చికెన్ సెంటర్ల చెత్త, ఫంక్షన్ హాళ్ల విస్తళ్లు కుప్పలుగా పెరిగాయి. ఇదివరకు కుక్క తిండికి మనిషి మొహం ఉండేది. ఇప్పుడు కుప్ప ఉంది. మొహం చూసి తిన్న కుక్క మనిషిని గుర్తుపడుతుంది. కుప్ప మీద బతికే కుక్క గుంపును నమ్ముకుంటుంది. రాత్రి పదకొండుకు షిఫ్టు దిగి బండి మీద వచ్చే కుర్రాడి వెంట పడేది ఆ గుంపే.

దాని వెనకాల ఇంకో లెక్క ఉంది. కుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది, అరవై మూడు రోజులకు ఈనుతుంది. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదలాలని 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పాయి, 2023లో వచ్చిన కొత్త నిబంధనలూ ఆ బాటే పట్టాయి. అమలైన చోట గుంపు నెమ్మదిస్తుంది. అమలు కాని చోట ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు విషం సీసా తీస్తారు.

*

ఒక్క పేరు కోసం వెతుకులాట మొదలైంది. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశాను. "నాన్నా, ఊరికి పోతే బోర్డింగ్‌లో పెట్టండి, డబ్బులు నేను పంపుతా" అన్నాడు. మనిషి పేరడిగితే డబ్బు పేరు చెప్పాడు. తమ్ముడు నవ్వాడు. "ఏందన్నా, కుక్క పేర ఆస్తి రాస్తున్నవా?" పక్క హాస్టల్ కుర్రాళ్లు ముందుకొచ్చారు. "మేం చూసుకుంటం సార్!" వాళ్ల ఉత్సాహంలో అబద్ధం లేదు. కానీ కిందటేడు వాళ్ల సీనియర్లు ముద్దుగా తెచ్చిన కుక్కపిల్ల పరీక్షలైపోయి గదులు ఖాళీ చేసిన మర్నాటి నుంచి గేటు దగ్గరే కూర్చుని వారం రోజులు ఎదురుచూడటం నా కళ్లారా చూశాను. ఎవరి పేరూ లేకుండా, అందరి పేరుతో పెరిగిన కుక్కపిల్ల అది.

ఎదురింటి చెల్లెకు ఈ సంగతి తెలిసింది. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే చెప్పింది. "సార్, మీ ఇంట్ల మీ ఇష్టం. కుక్కను దెస్తే మాత్రం మా బిడ్డ ట్యూషన్‌కు రాదు." ఆమె కూతురు మూడో తరగతి. రెండేళ్ల కింద చికెన్ సెంటర్ మలుపులో పిల్ల మోచెయ్యి కుక్క నోట్లో పడింది. నాలుగు సార్లు ప్రభుత్వ ఆస్పత్రికి తిప్పి టీకాలు వేయించారు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన వీడియో చూసిన తల్లి ఆమె. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు ఉండదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కుక్కల మీద ప్రేమ అనే మాట ఆ తల్లి ముందు ఎత్తడానికి నాకు నోరు రాలేదు. పిల్ల భయాన్ని లెక్కలో వేసుకోని జాలికి విలువ లేదు. దాన్ని తాహతు ఉన్నవాళ్ల సరదా అంటారు.

అందుకని ప్రేమ గురించి కాకుండా నా పిక్క గురించి చెప్పాను. నన్ను కరిచింది మా వాడకట్టు ఎర్ర కుక్కే. తప్పు నాది, దాని పిల్లను ఎత్తుకున్నాను. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. గొర్రె మెదడు నుంచి తీసిన మందు అది, 2005 నాటికి దేశంలో పూర్తిగా ఆపేశారు. డాక్టరు మా నాయనతో ఒక మాట చెప్పాడట, కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టండి, పది రోజులూ బాగుంటే భయం లేదు అని. ఈ పది రోజుల లెక్క ఇప్పటికీ డాక్టర్లు చెబుతారు. ఆ పది రోజులు వాడకట్టంతా ఎర్ర కుక్క మీద ఒక కన్నేసి ఉంచింది. పొద్దున కుమ్మరోళ్లు కబురు పంపేవాళ్లు: 'రొట్టె తిన్నది.' సాయంత్రం షావుకారి భార్య చెప్పేది: 'నీళ్లు తాగింది.' పదకొండో రోజు మా అమ్మ దానికి బెల్లం పెట్టింది, సూదులు మాత్రం పద్నాలుగూ నాకే పడ్డాయి.

"నీ బిడ్డను కరిచిన కుక్క పది రోజుల తర్వాత బతికుందా చెల్లె?" అని అడిగాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ఏ కుక్కనో మేమెట్ల గుర్తువడుతం సార్? అన్నీ ఒక్క తీరుగనే ఉంటయి" అంది. అని వెళ్లిపోయింది.

నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ మాట దగ్గరే. అన్నీ ఒక్క తీరుగానే ఉంటాయనడం కుక్కల మీద ఫిర్యాదులా వినిపిస్తుంది. అది మన చూపు మీద ఫిర్యాదు. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేనప్పుడు దేనికీ మొహం ఉండదు. గుంపుకు విషం పెట్టొచ్చు. పేరున్నదానికి పెట్టాలంటే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

*

చట్టం కూడా తిరిగి తిరిగి ఆ ఖాళీ గడి దగ్గరికే వచ్చింది. 1952లో రాజ్యసభకు వచ్చిన రుక్మిణీదేవి అరండేల్ అక్కడ ప్రైవేటు బిల్లు పెట్టి పోరాడితే 1960లో జంతు హింస నిరోధక చట్టం వచ్చింది. మూగజీవాన్ని కొట్టినా, పెంచుకున్నదాన్ని ఆకలి దప్పులకు వదిలేసినా అది నేరమే. మొదటి తప్పుకు జరిమానా ఇప్పటికీ పది రూపాయల నుంచి యాభై రూపాయలు. మా బస్టాండులో ఇద్దరు చాయ్ తాగితే అయ్యే ఖర్చు. చంపితే మాత్రం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో జంతువుల కోసం బ్లూ క్రాస్ సంస్థ పెట్టిన నాటికి, వీధికుక్క దెబ్బ తగిలి పడి ఉంటే ఎవరికి ఫోన్ చేయాలనే ఆలోచనే మనకు కొత్త.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. ఆగస్టు 11న, ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నింటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచే స్వభావం ఉన్నవి తప్ప మిగతావాటికి ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలమంది. తిండి పెట్టడానికి వేరుగా చోట్లు చూపమంది. పెద్దగా చర్చకు రాని ఇంకో మాట కూడా అందులో ఉంది. జంతువుల మీద మమకారం ఉన్నవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు, అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే పూచీ మాత్రం వాళ్లదే. ఈ రెండు ఉత్తర్వుల నడుమ, ఆగస్టు 17 ఆదివారం పొద్దున, బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో జీహెచ్ఎంసీ వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టింది. నట్టల మందు తాగించి, టీకా వేసి, ఉచితంగా ఇచ్చారు. కోర్టులో దేశం వాదించుకుంటుంటే పార్కులో ఎవరో కొందరు తమ పేరు, ఫోన్ నంబర్ రాసిచ్చి ఒక్కో పిల్లను ఒళ్లో పెట్టుకుని ఇంటికి పోయారు. ఆ వాదనలో నాకు బాగా నచ్చిన జవాబు అదే.

*

రెండు రోజుల తర్వాత ఎదురింటి చెల్లె వచ్చింది. ఈసారి గేటు లోపలికి. "నంబర్ రాసుకోండి సార్" అంది. నాకు అర్థం కాలేదు. "గదే, మీరు లేనప్పుడు. నేను ముట్టుకోను, ముందే చెబుతున్న. గేటు సందుల కెల్లి గిన్నె లోపలికి దోస్త, నీళ్లు బోస్త. గంతే." ఎందుకు ఒప్పుకున్నావమ్మా అంటే, "ఎట్లైనా గల్లీల కుక్కలుంటయి. పేరున్న కుక్క ఉంటె మేలే గద" అంది.

ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద పాఠం నేనెప్పుడూ చెప్పలేదు.

షరతులు పెట్టింది. పిల్ల ట్యూషన్‌కు వచ్చే గంట సేపు కుక్క వెనక దొడ్లో ఉండాలి. గేటుకు స్ప్రింగు వేయించాలి. బయటికి తీసుకుపోతే గొలుసు చేతిలో ఉండాలి. టీకా పుస్తకం ఆమెకు చూపించాలి. ఒక్కటీ కాదనదగ్గది లేదు. ఇవే షరతులు ఊళ్లో ప్రతి పెంపుడు కుక్క యజమానికీ ఉంటే బాగుండుననిపించింది.

మూడోసారి పోయి ఫారం ఇచ్చాను. గడిలో పేరుంది, నంబరుంది. అమ్మాయి అక్కడికక్కడే ఫోన్ చేసి కనుక్కుంది కూడా. చుట్టూ ఉన్న గదుల్లో కుక్కపిల్లలు గంతులేస్తున్నాయి. వచ్చినవాళ్లు వాటి ముందే నిలబడతారు, అందులోనూ మగపిల్ల కావాలంటారు, తెల్లదో గోధుమరంగుదో కావాలంటారు. ఆడది, పెద్దది, నల్లది మిగిలిపోతాయి. పెళ్లి చూపుల్లో మనం ఏళ్ల తరబడి ఏమేం చేశామో అవన్నీ ఇక్కడా చేస్తాం. నేను ఒప్పుకున్నది మూడేళ్ల ఆడ కుక్క, నల్లది, కుడికన్ను మీద పాత గాటు, చెవి కొసకు కత్తిరింపు. దాని గొప్పతనం చూసి ఎంచుకోలేదు. ఎవరూ అడగనిదేదో చెప్పండమ్మా అంటే చూపించారు.

మా అమ్మ దానికి 'చుక్క' అని పేరు పెట్టింది. ఒళ్లంతా నలుపే, మచ్చుకు ఒక్క తెల్ల వెంట్రుక లేదు. "చుక్క ఎక్కడుందమ్మా?" అంటే, "పొద్దుమీకితే కండ్లు సూడు" అంది.

మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి తీరు తెలియడం, మూడు నెలలకు ఇల్లు తనదనుకోవడం అని ఒక లెక్క చెప్పి పంపారు. లెక్క కదా, నేను నమ్మాను. మొదటి మూడు రోజులు చుక్క బియ్యం బస్తాల వెనక నుంచి రాలేదు. చీపురు ఎత్తితే వణికేది, చెప్పు టపటపలాడితే మూత్రం పోసుకునేది. మా ఆవిడ చెప్పులు విప్పి ఇంట్లో వట్టి కాళ్లతో తిరిగింది. మూడో వారం గోమార్లు పట్టాయి, జ్వరమొచ్చింది, తిండి మానేసింది. రక్త పరీక్ష, సూదులు, మందులు, ఇరవై రోజుల తిప్పలు. ఉచితంగా వచ్చిన కుక్క మొదటి నెలలోనే నా పెన్షన్‌లో తన వాటా తీసుకుంది. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష కుక్కకు విషమని యాభై తొమ్మిదేళ్లకు తెలిసింది. ఎర్ర కుక్కకు ఇవేవీ చూడలేదే అంటే, ఎర్ర కుక్కకు చాక్లెట్ ఎవరు పెట్టారు?

చీపురు చూసి వణికే కుక్కను చూసినప్పుడల్లా నన్నయ ఆదిపర్వం గుర్తొచ్చేది. మన భారతం మొదట్లోనే ఒక కుక్క దెబ్బలు తింటుంది. జనమేజయుడి యజ్ఞశాలలోకి ఆడుకుంటూ వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు కొడతారు. అది ఏ తప్పూ చేయలేదు, హవిస్సును నాకలేదు. దాని తల్లి సరమ రాజు ముందుకొచ్చి నిలదీస్తుంది: నా బిడ్డ చేసిన తప్పేమిటని. రాజు దగ్గర జవాబుండదు. కారణం లేకుండా పేదలకు, సాధువులకు కీడు చేసేవారికి అనుకోని ఆపదలొస్తాయని చెప్పి ఆమె వెళ్లిపోతుంది. అదే భారతం చివరికొచ్చేసరికి ధర్మరాజు తన వెంట నడిచొచ్చిన కుక్కను వదిలి స్వర్గరథం ఎక్కనంటాడు. ధర్మరాజు కథ మనందరికీ నోటికొచ్చు. సరమ కథ అంతగా గుర్తుంచుకోం. కుక్కను స్వర్గానికి తీసుకుపోయేంత గొప్పవాళ్లం ఎట్లాగూ కాలేం. 'తప్పేమిటి' అని అడిగిన తల్లికి జవాబు చెప్పగలిగితే చాలు.

ఎదురింటి పిల్ల ట్యూషన్‌కు వస్తూనే ఉంది. చుక్కను ఇంతవరకు ముట్టుకోలేదు, ముట్టుకోమని నేనూ అనలేదు. కానీ టీకా పుస్తకం ఆ పిల్ల చేతికే ఇచ్చాను. రేబిస్ టీకా ఏడాదికోసారి. ఇవాళ్టి తేదీకి ఏడాది కలిపి తర్వాతి తేదీ రాయడం ఆ పిల్లకిచ్చిన లెక్క. నట్టల మందు మూడు నెలలకోసారి, అది ఇంకో లెక్క. పిల్ల ఒక రోజు పుస్తకం మూసి, "సార్, దీనికి పదిహేనేండ్లు వచ్చేసరికి నేను డిగ్రీల ఉంట" అంది. నేనెక్కడుంటానో అడగలేదు. పెద్దలకంటే పిల్లలకు మర్యాద ఎక్కువ.

కిందటి నెల మూడు రోజులు మేం పెళ్లికి నల్లగొండ పోయాం. అమ్మను తమ్ముడింట్లో దింపి, ఇంటి తాళం హాస్టల్ కుర్రాళ్లలో ఒకడికి, దొడ్డి గేటు తాళం ఎదురింట్లో ఇచ్చాం. తిరిగొచ్చేసరికి తెలిసిందేమంటే, చెల్లె గిన్నె తోసింది, హాస్టల్ కుర్రాడు సాయంత్రం గొలుసు పట్టుకుని చెరువు కట్ట దాకా నడిపించాడు, చికెన్ సెంటర్ అతను మూడు రోజులూ పావుకిలో కోడికాళ్లు పంపాడు. ఆ కుర్రాడు వచ్చే మేలో వెళ్లిపోతాడు. వెళ్లే ముందు తన గదిలోకి వచ్చే జూనియర్ పేరు, నంబర్ నాకిస్తానన్నాడు.

నా కాపీలో ఆ గడి చాలా చిన్నది. ఒక్క పేరు పట్టేంత. ఇప్పుడు అందులో మూడు పేర్లు, మూడు నంబర్లు ఇరుకిరుగ్గా ఉన్నాయి. మా అమ్మ చెప్పిన గల్లీ ఇదేనో కాదో నాకు తెలియదు గానీ, ఈ గల్లీకి ఫోన్ నంబర్లున్నాయి.

మీరూ ఎప్పుడైనా ఆశ్రయానికో, దత్తత మేళాకో పోవాలనుకుంటే కుక్కను తర్వాత ఎంచుకోండి. ముందు మీ గల్లీలో ఒక తలుపు కొట్టి, ఆ ఒక్క పేరు అడగండి. వీలైతే, కుక్కంటే భయపడే ఇంటి తలుపే ముందు కొట్టండి.